నీళ్ల కింది గోరీలు

మా ఆదివారపు బడి గదిలో ఎవరో గోడకు ఒక క్యాలెండరు తగిలించారు. ఆ నెల బొమ్మలో మంచు కప్పిన రెండు కొండల నడుమ నీళ్లు లోపలిదాకా చొచ్చుకొచ్చి ఉన్నాయి. నీళ్ల అంచున నాలుగు ఇళ్లు, ఒక చిన్న తెల్లటి చర్చి, ఒడ్డుకు కట్టేసిన పడవ. కింద ఏదో ఉత్తర దేశం పేరు ఉంది. అక్కడ సముద్రం కొండల సందుల్లోకి వేళ్లు చాచినట్టు వస్తుందట. పిల్లలు పాఠం మరిచిపోయి దాన్నే చూస్తున్నారు.

"టీచర్, ఇసొంటి జాగల మనుషులెట్లుంటరు? బస్సు గూడ రాదు గదా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఎట్లుంటరేంది? నేను ఉన్న గదా!" అన్నాను.

ఒక్కరూ నమ్మలేదు. అందుకని ఆ రోజు పాఠం పక్కన పెట్టి వాళ్లకు మా జాగా గురించి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ బొమ్మలో ఉన్న మంచు ఒక్కటే మాకు లేదు. పాలమూరు దక్షిణపు కొసన కృష్ణకు అడ్డంగా డ్యాం కట్టినప్పుడు నీళ్లు వెనక్కి తన్ని, కొండల నడుమ ఉన్న ప్రతి లోయలోకీ దూరాయి. అట్లాంటి ఒక లోయ చివర, నీళ్లు ఆగిపోయిన చోట మా గూడెం ఉండేది. మూడు వైపులా ఎర్రరాతి గుట్టలు, నాలుగో వైపు నీళ్లు. ఊరు మునిగినప్పుడు చాలామంది పట్టణాలకు పోయారు. మా వాళ్లు మాత్రం ఊరు కంటి ముందే ఉండాలని ఆ వాలులో గుడిసెలు వేసుకున్నారు. నిజానికి కంటి ముందు నీళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. అయినా "మన ఊరు" అన్నప్పుడల్లా పెద్దవాళ్ల చెయ్యి నీళ్ల వైపే లేచేది.

చుట్టుపక్కల ఊళ్ల పేర్లతో మాకు పని ఉండేది కాదు. గుట్ట దాటి ఎడమకు దిగితే సంత ఊరు. కుడికి దిగితే దవాఖాన ఊరు. వెదురు తట్టకు తారు పూసిన మా గుండ్రటి పుట్టి ఎక్కి నీళ్లు దాటితే అవతలి ఊరు. అక్కడ సినిమా ఆడేది కాబట్టి మా ఇంట్లో ఆ ఊరి మాటే ఎత్తకూడదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ అవతలి ఒడ్డు వేరే రాష్ట్రమైపోయింది. దాని మీద మా ఒడ్డున మేకలు కాసే గొల్ల తాత ఒక మాట అనేవాడు. "మనుషులకైతే టీవీల జెప్పిండ్రు. మల్ల చేపలకెవరు జెప్పాలె? గవి పొద్దుకు నాలుగు మాట్ల రాష్ట్రం దాటుతున్నయి."

గొల్ల తాత మా గుడికి, అంటే మా చర్చికి, వచ్చేవాడు కాదు. ఆయన దేవుళ్లు ఆయనకున్నారు. కానీ మునిగిన ఊళ్లో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురట. మా తాతను బావా అనీ, మా అవ్వను అక్కా అనీ పిలిచేవాడు. ఆ వరుస ఏ పెళ్లి వల్లా వచ్చింది కాదు, ఎదురెదురు గడపల వల్ల వచ్చింది. ఆయన మేకలు మా గుడి గోడకు ఒళ్లు రుద్దుకునేవి. ప్రార్థన నడుమ మేక అరిస్తే మా తాత కళ్లు తెరవకుండానే ‘ఆమెన్’ అనేవాడు.

ఆ గుడి ఒక రేకుల కొట్టం. ఎండాకాలం లోపల కూర్చుంటే రొట్టె పెనం మీద కూర్చున్నట్టే. ఎండు చేపల వాసన, పుట్టికి పూసిన తారు వాసన, కొవ్వొత్తుల వాసన కలిసి మా బట్టల్లో స్థిరపడి ఉండేవి. సంత ఊరి బడిలో పిల్లలు మమ్మల్ని చూసి ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం అది ఇంటి వాసన. ఆదివారం ఆరాధన అయ్యాక మామిడికాయ వేసిన చేపల పులుసు, జొన్నరొట్టె ఉండేవి. నాకు ఇప్పటికీ ‘ఆమెన్’ అన్న మాట వింటే ఆ పులుసు గుర్తుకొస్తుంది.

గంట బదులు ఒక రైలు పట్టా ముక్కను వేపకొమ్మకు వేలాడగట్టారు. ఒక మధ్యాహ్నం నేనూ నా నేస్తురాలూ దాన్ని ఊరికే కొట్టి చూశాం, ఎవరొస్తారో చూద్దామని. వచ్చింది తాత ఒక్కడే. నిద్ర కళ్లతో, తువ్వాల భుజాన కూడా నిలవకుండా, రాళ్ల మీద ఉరుక్కుంటూ వచ్చాడు.

"ప్రభువు వచ్చిండనుకున్న గదనే, పోరీ!" అన్నాడు రొప్పుతూ.

కొడతాడనుకున్నాం. కొట్టలేదు. "మోగిందంటె మోగినట్టే. గుడి గంట ఉత్తగ పోవద్దు" అని మమ్మల్నిద్దరినీ ఆ రేకుల వేడిలో కూర్చోబెట్టి, పాటలతో, ప్రార్థనతో, వాక్యంతో, చివరి ఆశీర్వాదంతో నిండు ఆరాధన జరిపించాడు. మేం మళ్లీ ఆ పట్టా జోలికి పోలేదు.

తాత మా సంఘ పెద్ద. అయ్యగారు, అంటే పాస్టరుగారు, దవాఖాన ఊరి నుంచి నెలకోసారి వచ్చేవారు. గుట్ట అవతల మోటారు సైకిలు ఆపి చెప్పులు చేతబట్టుకుని దిగేవారు. మిగతా రోజుల్లో సంఘం తాత మాట మీదే నడిచేది. ఆయన వాక్యం చెబితే చివరికి కల్లు తాగొద్దన్న మాట మీదికే వచ్చేది. బైబిల్లోని నోవహు గురించి మొదలుపెట్టినా, లోతు అనే ఆయన గురించి మొదలుపెట్టినా తాటిచెట్టు కిందనే ముగించేవాడు.

మా జాగాకే ప్రత్యేకమైన ఒక పండుగ ఉండేది. ఈస్టరు తెల్లవారుజామున అన్ని ఊళ్లలో మన వాళ్లు సమాధుల దగ్గరికి పోతారు. ముందు రోజే గోరీలకు సున్నం వేసి, పొద్దు పొడవకముందే పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ప్రభువు లేచాడు, వీళ్లూ లేస్తారు అని పాడతారు. మా గోరీలు నీళ్ల కింద ఉన్నాయి. అందుకని మేం పుట్టిల మీద పోయేవాళ్లం. తాత ముందు పుట్టిలో నిలబడి గురి చూసేవాడు. కుడి గుట్ట మీద ఒక చీలిన బండ ఉంది. దాని సందులోంచి ఆకాశం కనబడాలి. అప్పుడే వెనక్కి తిరిగితే ఎడమ ఒడ్డున ఉన్న ఒంటి తాటిచెట్టు, మా వాళ్ల మాటలో ఒంటి తాడు, సరిగ్గా గుట్ట కొమ్ము కిందికి రావాలి. రెండూ కుదిరాయంటే తాత తెడ్డు పైకెత్తేవాడు.

"గిక్కడనే. మనోళ్లు గీ కిందనే ఉన్నరు."

పుట్టిలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఆగేవి. మోదుగాకు దొన్నెల్లో కొవ్వొత్తులు పెట్టి నీళ్ల మీద వదిలేవాళ్లం. ఎవరి దొన్నె ఎక్కువసేపు వెలుగుతుందో అని మేం పిల్లలం పందెం వేసుకుని, పాట నడుమ మోచేతులతో పొడుచుకునేవాళ్లం. అమ్మ నెత్తిన ఒక్కటి వేసేది.

అవ్వ పాడేది కాదు. ఆ కింద అవ్వ మొదటి బిడ్డ ఉంది. మా బాపు, అంటే మా నాన్న కంటే ముందు పుట్టిన ఆడపిల్ల. మాటలు అప్పుడప్పుడే వచ్చిన ఈడులో జ్వరమొచ్చి పోయిందట. దవాఖానకు పోయే దారిలోనే. ఆ తర్వాత కొద్ది కాలానికే బాపు చంకలో ఉండగా ఊరు ఖాళీ చేయమన్నారు. గోరీ మీద మట్టి పూర్తిగా ఆరకముందే నీళ్లొచ్చాయని అవ్వ ఎప్పుడూ అనేది.

సంత ఊళ్లో తాత చెల్లెలు ఉండేది. ఆమె ఇల్లు గోరీల తోటకు దగ్గర. ఒకసారి ఈస్టరు ముందు మేం సంతకు పోతే ఆమె తన అత్తమామల గోరీలకు సున్నం వేసొచ్చి, చేతులు కడుక్కుంటూ, నవ్వుతూనే అంది. "మా పని అయిపాయె వదినా. మీ గోరీలకు ఎవరేస్తరే సున్నం? చేపలేస్తయా?"

 అవ్వ ఆమె ఇచ్చిన చాయ్ తాగింది. తిరిగి గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం సగం దారిలో ఒక రాయి మీద కూలబడి నాతో అంది. "ఒక్కపారి నా చేతుల్తోటి దాని గోరీకి సున్నం ఏసుకుంట బిడ్డా. తల్లి జేసే పని గదా. ఇంకేం అడగ."

ఆ మరుసటి ఏడు వానల్లేవు. నదికి పైనుంచి నీళ్లు రాలేదు. సంత ఊళ్లో, దవాఖాన ఊళ్లో బోర్లు ఎండి జనం బిందెలు పట్టుకుని తిరుగుతున్నారు. మా లోయలోని నీటి పాయ కూడా రోజురోజుకూ కిందికి దిగుతోంది. దిగిన చోటల్లా మట్టి పెంకుల్లా పగిలి, ఆ పగుళ్లలో చిన్న చేపలు ఎండిపోయి వాసన వచ్చేది. చేపలు పట్టేవాళ్లు తలలు పట్టుకున్నారు. గొల్ల తాత మేకల్ని ఎక్కడికి తోలాలో తెలియక ఆకాశాన్ని తిట్టేవాడు. అట్లాంటి కరువులో సంతోషపడకూడదని అవ్వకు తెలుసు. ప్రార్థనలో వాన కోసం అందరికంటే గట్టిగా అడిగేది. ప్రార్థన అయ్యాక నీళ్ల వైపు నడిచిపోయి, ఎంత దిగాయో చూసి వచ్చేది.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు సగమయ్యేసరికి అవ్వ సంత ఊరి నుంచి రాతి సున్నం మోసుకొచ్చింది. పెద్ద కుండలో వేసి నీళ్లు పోస్తే అది బుసబుసమని ఉడికి, ఇల్లంతా ఘాటు వాసన. మేం పిల్లలం చుట్టూ చేరితే "కండ్లు పోతయి, దూరం పోండ్రే" అని చీపురు తీసింది. ఈత మట్ట కొస నలగ్గొట్టి కుంచె చేసుకుంది.

"నీళ్లు ఇంక దిగనీయరాదే. జర ఓపిక పట్టు" అన్నాడు తాత.

"నలభై యేండ్ల సంది ఓపికనే పడుతున్న" అంది అవ్వ. నిజంగా అన్నేళ్లు అయ్యాయో లేదో నాకు తెలియదు. అవ్వకు చాలా కాలమైతే నలభై ఏళ్లే.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం నాటికి పాత ఊరు బయటపడింది. ఆరాధన కాగానే అందరం దిగిపోయాం. నేను మొదటిసారి చూశాను. ఊరంటే మొండిగోడలు, మెట్లు, బురద నిండిన ఒక బావి గట్టు. పెద్దవాళ్లు మాత్రం పెళ్లింట్లో తిరిగినట్టు తిరుగుతున్నారు. "గిది మా వాకిలి." "గిది మీ అత్త పంటి నొప్పికి కూసుండి ఏడ్చిన అరుగు." ఒకామె ఖాళీ జాగాలో నిలబడి, లేని గడపను దాటుతున్నట్టు కాలెత్తి లోపలికి అడుగేసింది. ఎవరూ నవ్వలేదు.

తాత తెల్ల ధోవతి కట్టుకుని ముందు నడిచాడు. కుడికి చీలిన బండ, వెనక ఒంటి తాడు. పుట్టిలో చూసినట్టే చూసుకుంటూ, అడుగు తీసి అడుగు వేస్తూ పోయి ఒక చోట ఆగి చెయ్యి ఎత్తాడు. అవ్వ కుంచె పట్టుకుని ఆయన వెనకే ఉంది.

అక్కడ గోరీలు లేవు. నాలుగు చదును బండలు చుట్టూ వేసి ఉన్నాయి. వాటి నడుమ ఎక్కడ చూసినా కుండ పెంకులే. మూతి సన్నటి చిన్న చిన్న కుండలు, పగిలి, బురదలో కూరుకుపోయి.

మేకల వెంట వచ్చిన గొల్ల తాత ఒక పెంకు తీసి చూశాడు. తర్వాత ఒక బండ మీద చతికిలబడి, దాన్ని అరచేత్తో తట్టి పకపక నవ్వాడు.

"ఓ బావా! గిది కల్లు మండువ గదయ్యా! గీ బండ నాదే. నేను రోజు గీన్నే కూసుంటుంటి!"



"ఏండ్ల సంది మీరు పొద్దున్నే వచ్చి ఈడ పుట్టిలాపి పాటలు పాడుతుంటె నేనేమనుకున్ననో ఎరికేనా?" అన్నాడు గొల్ల తాత కళ్లు తుడుచుకుంటూ. "మీ దాంట్ల తాగి సచ్చినోళ్లకు ఏరే పండుగేమో అనుకున్న!"

మొదట నా నేస్తురాలు కిసుక్కుమంది. తర్వాత అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత సంఘమంతా నవ్వింది. కల్లు తాగొద్దని రేకులు అదిరేలా చెప్పిన మనిషి, మమ్మల్నందరినీ ఏటేటా తీసుకొచ్చి కల్లు దుకాణం మీద స్తోత్రాలు పాడించాడు. తాత నోరు తెరిచి చీలిన బండను, తాడును, కింది పెంకులను మార్చి మార్చి చూస్తున్నాడు.

"తాడు గదే. బండ గదే. ఎట్ల తప్పుతది?"

"గా తాడు గాదు బావా గిది. అసలు తాడు పెద్ద గాలికి ఇరిగి పాయె. మీరంత బొంబాయిల ఉన్నప్పుడు. గిది అప్పటికే ఇంకింత ఎగువకు ఉన్న చిన్న తాడు, మీరొచ్చేవరకు ఎదిగింది."

అప్పుడు అందరికీ అర్థమైంది. ఊరు మునిగాక కొన్నాళ్లకు మా గుడి వాళ్లంతా ఒకే మేస్త్రీ కింద, ఒకే గుంపుగా బొంబాయి పనులకు పోయారు. పాలమూరు మనుషులు లేనిది అక్కడ ఏ కట్టడమూ లేవలేదంటారు. కొన్నేళ్లకు అందరూ కలిసే తిరిగొచ్చారు. ఒక్కరు వెనక ఉండిపోయినా తాడు విరగడం చూసేవాళ్లు. ఒడ్డున ఉన్నది గొల్లవాళ్లు. పండుగ మాది కాబట్టి వాళ్లు అడగలేదు, తాడు వాళ్లకు చెప్పుకోదగ్గ సంగతి కాదు కాబట్టి చెప్పలేదు. మా వాళ్లు తిరిగొచ్చి, ఒంటి తాడు కనబడగానే అదే అనుకున్నారు.

నవ్వులు ఇంకా ఆగలేదు. అవ్వ మాత్రం నవ్వలేదు. కుంచె పట్టుకుని ఆ పెంకుల నడుమ నిలబడి ఉంది.

"మరి నా బిడ్డ యాడుంది?" అంది.

నవ్వులు ఆగిపోయాయి.

గొల్ల తాత లేచాడు. ఆయన ముఖం మారిపోయింది. "దా అక్కా, సూపిస్త" అని ఒడ్డుకు పోయి పాత తాటి మొద్దు ఉన్న చోటు చూపించాడు. నేల మట్టానికి నల్లటి బుడిపె మాత్రం మిగిలి ఉంది. మా బాపు దాని మీద నిలబడ్డాడు. తాత మళ్లీ గురి చూసుకుంటూ నడిచాడు. ఈసారి గురి వాలు దిగి, ఊరి మొండిగోడలు దాటి, నేరుగా మిగిలిన నీళ్లలోకి పోయింది. గోరీలు పల్లంలో ఉన్నాయి. ఇంకా నీళ్ల కిందే ఉన్నాయి. తాత నడుము లోతు దాకా పోయి, అక్కడ ఆగి, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ధోవతి నీళ్ల మీద తేలుతోంది.

ఆ వారమంతా మాకు ఒకే లెక్క, నీళ్లు ఎంత దిగాయని. అవ్వ పొద్దునా సాయంత్రం పోయి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చేది. తాత గుడిలో ముందుకు రావడం మానేశాడు. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనలో వెనక, చెప్పుల దగ్గర కూర్చున్నాడు. వాక్యం చెప్పమని అయ్యగారు పిలిస్తే తల అడ్డంగా ఊపాడు. "తొవ్వ తప్పినోడు ఇంకొకనికి ఏం తొవ్వ జూపుతడు అయ్యగారూ" అన్నాడు. అవ్వ ఆడవాళ్ల వరసలోంచే వెనక్కి తిరిగి అంది. "నువ్వు తప్పింది తాడు. దేవుణ్ని గాదు. లేచి చదువు." తాత లేచి చదివాడు. 

శనివారం సాయంత్రానికి ఆ పల్లంలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. రాత్రికి రాత్రి ఆరిపోయేవి కావు. అయ్యగారు మెల్లగా చెప్పి చూశారు. "అమ్మా, ఒడ్డు మీదనే ప్రార్థన చేసుకుందాం. సున్నం వచ్చే ఏడు వేయొచ్చు."

"వచ్చే ఏడు వానలు పడొద్దని మొక్కమంటరా అయ్యగారూ?" అంది అవ్వ. ఆయన నవ్వేశారు.

అసలు గోరీల్లో మా గోరీ ఏదో ఎట్లా తెలుస్తుందని అమ్మ అడిగితే అవ్వ అప్పుడు చెప్పింది. బిడ్డను పెట్టినప్పుడు రాయి చెక్కించే స్తోమత లేదు. ఇంట్లో ఇసుర్రాయి పై బిళ్ల పగిలి ఉంటే, ఆ సగం ముక్కను తీసుకుపోయి తలాపున పాతారట. గింజలు పోసే బెజ్జం సగానికి తెగకుండా దాంట్లోనే నిండుగా మిగిలిందట. "పిల్ల రోజు గా బెజ్జంల వేలు పెట్టి ఆడేది. అందుకే గదే పెట్టిన" అంది.

ఈస్టరు తెల్లవారుజామున మేమంతా పల్లం అంచున నిలబడ్డాం. తూర్పు గుట్ట వెనక ఆకాశం పాల రంగుకు తిరుగుతోంది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. సగంలో నీళ్ల చప్పుడు వినిపించి కళ్లు తెరిచాను. అవ్వ చీర ఎగ్గట్టి, సున్నం కుండ నెత్తిన పెట్టుకుని దిగుతోంది. తాత ‘ఆమెన్’ కోసం కూడా ఆగకుండా ఆమె వెనక పోయి కుండ అందుకున్నాడు.

అవ్వ పాదాలతో వెతికింది. బురదలో కాలు జార్చి జార్చి, ఒక రాయి తగిలితే బొటనవేలితో దాని చుట్టూ తడిమి, ‘కాదు’ అని ఇంకోదానికి పోయింది. అందరం చూస్తున్నాం. ఎవరూ పాడటం లేదు. బైబిల్లో ఆకాశం నుంచి ఎడారిలో రాలిన మన్నా అనే ఆహారాన్ని ఏరుకున్న వాళ్లు కూడా అంత జాగ్రత్తగా నేల చూసి ఉండరు. చాలాసేపటికి ఒక చోట ఆమె నడక ఆగిపోయింది. కాలు కదపలేదు. నీళ్లలోనే బొటనవేలు ఏదో బెజ్జంలో దిగినట్టుంది. భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి.

"ఈడుంది" అంది. గట్టిగా కాదు. పక్కింటికి పోయిన పిల్ల దొరికితే అన్నట్టు అంది.

తాత కుండ పట్టుకుని నిలబడి అడిగాడు. "నీళ్లల్ల సున్నం నిలుస్తదానే?"

"నిలువకుంటె నిలువకపాయె. తల్లి ఏసిందా లేదా?"

కుంచె పక్కన పడేసి చెయ్యే ముంచింది. పిడికెడు సున్నం తీసి వంగి, నీళ్ల అడుగున ఆ రాతికి రాసింది. మళ్లీ తీసి మళ్లీ రాసింది. బిడ్డకు వీపు రుద్దినట్టు రుద్దింది. సున్నం రాతి మీద ఎంత నిలిచిందో తెలియదు. నీళ్లు మాత్రం తెల్లబడ్డాయి. ఆమె మోకాళ్ల చుట్టూ మొదలై, కదలని ఆ మడుగులో పాలు ఒలికినట్టు మెల్లగా పరుచుకుంటూ పోయింది ఆ తెలుపు.

అప్పుడు ఒడ్డు మీంచి ఒకామె అడిగింది. "అక్కా, జర మా దిక్కు గూడ ఊపరాదే. మా మామ గా పక్కన్నే యాడనో ఉంటడు."

"మా తమ్ముడు గూడ, వదినా. యాడనో ఎరిక లేదు."

ఎవరి గోరీ ఏదో వాళ్లెవరికీ తెలియదు. గుర్తు పెట్టుకోవడానికి ఇసుర్రాయి ఉన్నది అవ్వకొక్కదానికే. అవ్వ తలెత్తి వాళ్లను చూసింది. తర్వాత తాత చేతుల్లోంచి కుండ తీసుకుని, ఉన్న సున్నమంతా ఒక్కసారిగా నీళ్లలో ఒంపేసింది. తాత రెండు చేతులతో ఆ తెల్లటి నీళ్లను అటూ ఇటూ తోయడం మొదలుపెట్టాడు. మా బాపు దిగాడు. అమ్మ దిగింది. అయ్యగారు ప్యాంటు మడిచి దిగారు. పాట ఎవరెత్తుకున్నారో తెలియదు, అందరూ అందుకున్నారు. పాడుతూ నీళ్లను తోస్తున్నారు.

గట్టు మీంచి గొల్ల తాత కేకేశాడు. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు. "బావా! మా అయ్యను గూడ గా చివరకే పెట్టినం. జర గిటు గూడ తోలు!"

తాత ఆ చివరి దాకా నడిచిపోయి, వంగి, తెల్లటి నీళ్లను దోసిళ్లతో ఆ వైపు నెట్టాడు. అంతలో గుట్ట మీంచి ఎండ దిగింది. పల్లమంతా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లగా మెరిసింది. ఏ గోరీ ఎవరిదో విడదీసి చెప్పే వీలు లేకుండా అన్నిటి మీదా ఒకే తెలుపు. రాయి దొర్లిపోయిన ఆ పొద్దున, యేసు సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్లు కూడా తాము తీసుకుపోయిన సుగంధాన్ని పూయాలనుకున్న చోట పూయలేకపోయారు. అయినా ఆయన లేచాడన్న కబురుతో వచ్చారు గానీ వాళ్లు ఉత్త చేతులతో తిరిగి రాలేదు. అవ్వ కూడా అంతే. నీళ్లలోంచి వచ్చి, సున్నానికి పగిలిన చేతులను కొంగుకు తుడుచుకుని, "ఆకలైతాంది, పాండ్రి ఇంటికి" అంది.

తర్వాతి ఏడు వానలు పడ్డాయి. నీళ్లు వచ్చి ఊరిని మళ్లీ కప్పేశాయి. ఇప్పుడు ఆ గుట్ట మీదికి తారు రోడ్డు పడింది. గూడెం వాళ్లు ఒక్కొక్కరే సంత ఊరికీ దవాఖాన ఊరికీ ఎక్కిపోయారు. మా గుడిసెలున్న వాలులో ఊరి బయటివాళ్లు వచ్చి ఉండే రంగు రంగుల గదులు లేచాయి. అక్కడికి వచ్చేవాళ్లు మోటారు పడవల్లో తిరుగుతూ నీళ్లను ఫొటోలు తీసుకుంటారు. వాళ్ల కింద ఏముందో వాళ్లకు తెలియదు. ఆ పడవ నడిపే కుర్రాళ్లలో కూడా తెలిసిన వాళ్లు తక్కువ. దానికి నాకు బెంగ లేదు. లోకం ముగిసే నాడు ఆఖరి బూర ఊదినప్పుడు నీళ్లు తమ దగ్గరున్న వాళ్లను ఒక్కరిని కూడా దాచుకోకుండా అప్పజెబుతాయని నాకు తెలుసు. అది నేను పాఠంగా నేర్చుకున్న మాట, కానీ ఆ పొద్దున్నే నా కళ్లతో చూసి నమ్మిన మాట.

తాత పోయాడు. ఆ తర్వాత అవ్వ పోయింది. వాళ్లిద్దరూ దవాఖాన ఊరి గోరీల తోటలో, ఎత్తు మీద, పొడి నేలలో పక్కపక్కన ఉన్నారు. రాళ్ల మీద పేర్లు చెక్కించాం. ఈస్టరు ముందు రోజు నేను పోయి సున్నం వేస్తాను. ఆ రెండిటికీ వేశాక కుండలో ఎప్పుడూ కొంత మిగులుతుంది. అటూ ఇటూ పేరు లేని గోరీలు, దిబ్బలుగా కుంగిపోయినవి, ఎవరూ రానివి చాలా ఉన్నాయి. చీకటి పడేలోగా కుండ ఖాళీ అయ్యేదాకా వాటికి వేసి, చేతులు కడుక్కుని ఇంటికి వస్తాను.